ఈడీ ఆగి బాగుపడ్డాడు సరే, అందరూ ఆగాలా? (బాస్కెట్‌బాల్: కాలేజీనా, ఎన్‌బీఏనా)

బాయిలర్‌బాబాయ్ (ఇండియానా)

2025 జూన్ డ్రాఫ్ట్‌కి, అంటే అమెరికా ప్రో లీగ్ ఎన్‌బీఏలో టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే తంతుకి, ముందస్తుగా పేరిచ్చినవాళ్ళు విదేశీ కుర్రాళ్ళతో కలిపి 106 మందే. 2021లో 353 మంది ఇచ్చారు. కారణం అందరికీ తెలిసిందే, కాలేజీలో ఉండి కూడా ఇప్పుడు సంపాదించుకోవచ్చు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద ప్రకటనల డబ్బు తీసుకుంటున్నారు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్‌తో ఇక కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. 2025–26లో ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

అందుకని పాత ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నా. కాలేజీలో స్టార్ అయిన కుర్రాడు వెంటనే ప్రో అయిపోవాలా, ఇంకో ఏడాది ఆగాలా?

నేను ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీలో చదివాను కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది జాక్ ఈడీయే. టొరంటో కుర్రాడు, 7 అడుగుల 4 అంగుళాలు. చిన్నప్పుడు ఐస్ హాకీ, బేస్‌బాల్ ఆడి హైస్కూల్ మధ్యలో బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు. 2023లో దేశం మొత్తం మీద ఉత్తమ ఆటగాడు. అదే ఏడాది మార్చి 17న కొలంబస్‌లో ఏం జరిగిందో చూసినవాళ్ళు మర్చిపోరు. దేశం మొత్తం కాలేజీల టోర్నీ, మా టీమ్ నంబర్ 1 సీడ్, అంటే పై ర్యాంకు. ఎదురుగా అట్టడుగున ఉండే 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్, కాలేజీల పైస్థాయి అయిన డివిజన్ 1 మొత్తంలో అందరికన్నా పొట్టి టీమ్. ఈడీకి ముందు ఒకడు, వెనక ఒకడు. బంతి చేతికి వచ్చేలోపే మూడోవాడు కిందనుంచి చెయ్యి పెట్టేవాడు. మనవాడు 21 పాయింట్లు కొట్టాడు, 15 రీబౌండ్లు (గురి తప్పి వచ్చిన బంతులు) పట్టాడు, అయినా 63–58తో పోయింది. నంబర్ 1 సీడ్‌ని 16వ సీడ్ ఓడించడం పురుషుల టోర్నీలో అది రెండోసారి మాత్రమే.

ఆ తర్వాత డ్రాఫ్ట్‌కి పేరిచ్చి, చివరి తేదీ మే 31న వెనక్కి తీసుకుని మళ్ళీ పర్డ్యూకే వచ్చాడు. 2024లో మళ్ళీ దేశంలో ఉత్తమ ఆటగాడు. వరసగా రెండేళ్ళు నైస్మిత్ అవార్డు రావడం 80ల మొదట్లో రాల్ఫ్ శాంప్సన్ తర్వాత ఇదే. 1980 తర్వాత మాకు మొదటి ఫైనల్ ఫోర్, అంటే టోర్నీ సెమీస్. డ్రాఫ్ట్‌లో 9వ పిక్, అంటే తొమ్మిదో వంతులో మెంఫిస్ తీసుకుంది. మొదటి సీజన్‌కే ఆల్ రూకీ ఫస్ట్ టీమ్, అంటే కొత్తవాళ్ళలో మేటి జట్టులో చోటు.

ఆగడం తెలివా, అదృష్టమా? మీరు చెప్పండి.

కాకినాడకాజా

టైటిల్‌లో ఈడీ అని చూసి ఎవరింటి మీద సోదాలో అనుకుని పరిగెత్తుకొచ్చా. ఆగి బాగుపడ్డాడు అంటే ఆస్తులు అటాచ్ చేయకుండా ఆగారేమో అనుకున్నా. మీరు కానివ్వండి, నేను చదువుకుంటా.

ఫాస్ట్‌బ్రేక్ (హైదరాబాద్)

బాబాయ్, నువ్వు గెలిచినవాడి కథ చెప్పావు. ఆగి మునిగినవాళ్ళ లెక్క కూడా వెయ్యాలి కదా.

జారెడ్ సలింజర్, ఒహాయో స్టేట్. 2011లో వెళ్ళుంటే మొదటి పదిలో పోయేవాడని అందరూ అన్నారు. ఆగాడు. ఏడాది తిరిగేసరికి నడుము సమస్య బయటపడింది, 2012లో 21వ పిక్. ఐవన్ రాబ్, కాలిఫోర్నియా. 2016లో మొదటి రౌండ్ మధ్యలో ఖాయమన్నారు. ఆగాడు, 2017లో 35వ పిక్, అంటే రెండో రౌండ్. జాంటే పోర్టర్, మిజోరి. 2018లో పేరు వెనక్కి తీసుకున్నాడు. అక్టోబర్‌లో మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది, మార్చిలో మళ్ళీ తెగింది. 2019లో ఎవరూ తీసుకోలేదు.

అసలు ఈడీ పక్కన పెట్టాల్సిన పేరు ఇంకోటుంది, ఆస్కర్ షీబ్వే. కెంటకీ, 2022 దేశ ఉత్తమ ఆటగాడు, మ్యాచ్‌కి 15 రీబౌండ్లు. అతనూ పెద్ద అవార్డు కొట్టాక ఇంకో ఏడాది ఆగాడు. 2023 డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లు అయిపోయాయి, పేరు పిలవలేదు. అదే అవార్డు, అదే నిర్ణయం, అదే పొజిషన్. ఒకడు 9, ఒకడు సున్నా.

ఇంకొకటి. 2024 ఫైనల్‌లో ఈడీకి ఎదురుగా నిలబడ్డ కనెటికట్ సెంటర్ డోనోవన్ క్లింగన్ రెండేళ్ళే ఆడి వెళ్ళిపోయాడు. పిక్ 7. ఈడీ నాలుగేళ్ళు ఆడి, దేశంలో ఉన్న ట్రోఫీలన్నీ ఇంట్లో పెట్టుకుంటే 9. క్లింగన్‌కి అప్పుడు 20 ఏళ్ళు, ఈడీకి 22.

ఈ రెండేళ్ళు చిన్న విషయం కాదు. మొదటి రౌండ్ కాంట్రాక్టు నాలుగేళ్ళు, అందులో మొదటి రెండేళ్ళకే గ్యారంటీ, తర్వాతి రెండూ టీమ్ ఇష్టం. జీతం పిక్ నంబర్‌ని బట్టి ముందే రాసి ఉంటుంది, బేరం పెద్దగా ఉండదు. అసలు డబ్బు రెండో కాంట్రాక్టులో. అది క్లింగన్‌కి 24 ఏళ్ళకి, ఈడీకి 26కి. మోకాళ్ళు, చీలమండలు నమ్ముకుని బతికేవాడికి ఆ రెండేళ్ళు ఎవరు తిరిగిస్తారు? ఈడీకి 2025 జూన్‌లోనే చీలమండ సర్జరీ అయింది, చూశారుగా.

వేడి మీదున్నప్పుడే వెళ్ళిపోవాలి. నా మాట అంతే.

బాయిలర్‌బాబాయ్

ఫాస్ట్‌బ్రేక్ తమ్ముడూ, నువ్వు చెప్పిన సలింజర్, రాబ్ ఇద్దరూ మొదటి రౌండ్ చేతిలో పెట్టుకుని ఆగినవాళ్ళు. 2023లో ఈడీ చేతిలో ఏముంది? రెండో రౌండ్ చివర్లో ఎవరైనా తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు అన్నారు. అంటే టూ వే కాంట్రాక్టు. సగం రోజులు ఎన్‌బీఏ టీమ్‌తో, సగం రోజులు దాని కింది లీగ్ అయిన జీ లీగ్‌లో. ఆ సీజన్‌కి దాని జీతం సుమారు 5 లక్షల 60 వేల డాలర్లు. 9వ పిక్‌గా వెళ్ళాక మొదటి ఏడాది జీతం 57 లక్షలు దాటింది. ఒక్క ఏడాదికి పదింతలు.

వయసు పోయిందంటావు. నిజమే, కానీ 21 ఏళ్ళకి జీ లీగ్‌లో చేరినవాడికి రెండో కాంట్రాక్టు వస్తుందని రాసిచ్చిందెవరు?

పాతచింతకాయ (న్యూజెర్సీ)

మీ ఇద్దరూ ఈ "వెళ్ళాలా, ఆగాలా" అన్న స్వేచ్ఛ మొదటినుంచీ ఉన్నట్టు మాట్లాడుతున్నారు. 1971 దాకా అది లేనే లేదు.

అప్పట్లో ఎన్‌బీఏ నియమం ఏమిటంటే హైస్కూల్ అయ్యాక నాలుగేళ్ళు గడవనిదే ఎవర్నీ తీసుకోకూడదు. స్పెన్సర్ హేవుడ్ 1968 ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. డెట్రాయిట్ కాలేజీలో ఒక ఏడాది ఆడి, పోటీ లీగ్ అయిన ఏబీఏకి వెళ్ళాడు, అక్కణ్ణుంచి సియాటిల్ అతన్ని ఎన్‌బీఏలోకి తెచ్చింది. లీగ్ ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 7–2తో హేవుడ్ గెలిచాడు. ఆ తర్వాత ఇంట్లో ఆర్థిక ఇబ్బంది ఉందని చూపిస్తే ముందే రావొచ్చన్నారు. హార్డ్‌షిప్ అనే పేరుతో. పేదరికం రుజువు చేసుకుంటేనే ఉద్యోగం! ఆ తర్వాత కొన్నేళ్ళకి అదీ తీసేశారు.

1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ, 2003లో లెబ్రాన్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చారు. 2005లో మళ్ళీ తలుపు వేశారు. డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్ళు నిండాలి, హైస్కూల్ అయ్యాక కనీసం ఒక ఏడాది గడవాలి. కాబట్టి ఈ "ఒక్క ఏడాది కాలేజీ" అనేది కుర్రాళ్ళ కోరిక కాదు, లీగ్ పెట్టిన గేటు. 2025లో మొదటి పిక్‌గా డాలస్‌కి వెళ్ళిన కూపర్ ఫ్లాగ్ కూడా ఆ గేటు ఉందని డ్యూక్‌లో ఏడాది ఆడాడు. సెమీస్‌లో హ్యూస్టన్ మీద 70–67తో ఓడాడు, వెళ్ళాడు. అతని విషయంలో ఆగాలా అన్న ప్రశ్నే అనవసరం.

ఇక జీతం పిక్ నంబర్‌ని బట్టి ముందే రాసి ఉంటుంది అన్నారు. దానికి కారణం మన బాబాయ్ గారి పర్డ్యూవాడే. 1994లో మొదటి పిక్ గ్లెన్ రాబిన్సన్. 10 కోట్ల డాలర్లు కావాలని కూర్చున్నాడు, చివరికి పదేళ్ళకి 6 కోట్ల 80 లక్షలకు సంతకం పెట్టాడు. ఓనర్లకు చెమటలు పట్టాయి. మరుసటి ఏడాదే రూకీ స్కేల్, అంటే కొత్తవాళ్ళ జీతాల పట్టిక వచ్చింది.

బాయిలర్‌బాబాయ్

పాతచింతకాయ గారూ, రాబిన్సన్ పేరు మీ నోట వింటే బాగుంది. పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫయెట్‌లో ఇప్పటికీ బిగ్ డాగ్ అంటేనే తెలుస్తుంది.

ఐ20_బాధితుడు (టెక్సస్)

అందరూ డబ్బు గురించి మాట్లాడుతున్నారు గానీ, ఈడీ ఆగిన ఏడాది అతనికి ఎన్‌ఐఎల్ డబ్బు మామూలు స్టార్లలా రాలేదు. ఎందుకో ఇక్కడున్న సగం మందికి నాకన్నా బాగా తెలుసు. ఎఫ్-1, స్టూడెంట్ వీసా!

కెనడావాళ్ళకి మనలా వీసా స్టాంపింగ్ అక్కర్లేదు, బోర్డర్ దగ్గర కాలేజీ ఇచ్చిన ఐ-20 చూపిస్తే ప్రవేశపత్రం ఐ-94 ఇస్తారు. కానీ స్టేటస్ మాత్రం మనదే. క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. టీవీ ప్రకటనకి వెళ్ళి నిలబడ్డం, దుకాణం ఓపెనింగ్‌కి రావడం, డబ్బు తీసుకుని ఇన్‌స్టాలో పోస్ట్ పెట్టడం, ఇవన్నీ పని కిందకే వస్తాయని యూనివర్సిటీ లాయర్లు భయపడతారు. పక్క లాకర్‌లో ఉన్న ఇండియానా కుర్రాడు కారు డీలర్ ప్రకటన చేసుకుంటాడు. దేశంలో నంబర్ వన్ ఆటగాడు మాత్రం ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి ఈమెయిల్ పెట్టుకోవాలి.

దీనికి అడ్డదారి కాదు, సరైన దారే ఒకటి ఉంది. అమెరికా బయట పని చేస్తే ఎఫ్-1 అడ్డురాదు. షీబ్వేది కాంగో, అతనూ ఎఫ్-1 మీదే. 2022 ఆగస్టులో కెంటకీ టీమ్ బహామాస్ టూర్‌కి వెళ్ళినప్పుడు ప్రకటనల పనులన్నీ అక్కడే పూర్తి చేసుకున్నాడు. ఈడీకి 2023 డిసెంబర్‌లో సొంతూరు టొరంటోలోనే అలబామాతో మ్యాచ్ పడింది, 35 పాయింట్లు కొట్టాడు. కెనడా గడ్డ మీద చేసుకునే ఒప్పందాలకు ఇబ్బంది లేదు.

ప్రో అయితే ఈ బాధే లేదు. అథ్లెట్లకి పీ-1 వీసా ఇస్తారు. మనలా హెచ్-1 ఉద్యోగ వీసా లాటరీలో పేరు వేసి మార్చి నెలంతా టెన్షన్ పడక్కర్లేదు. అక్కడ లాటరీ డ్రాఫ్ట్‌లో ముందు ఎవరు ఎంచుకోవాలని టీములకి, ఆటగాడికి కాదు. కాబట్టి విదేశీ కుర్రాడు ఆగితే అమెరికా కుర్రాడికన్నా ఎక్కువ వదులుకుంటున్నట్టు. ఈ లెక్క కలపకుండా ఈడీని వేరేవాళ్ళతో పోల్చడం కుదరదు.

కాకినాడకాజా

7 అడుగుల 4 అంగుళాలు ఉండి కూడా కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే డీఎస్ఓకి ఈమెయిల్ పెట్టాలా! మనం ఎంత.

హస్కీఅక్క (కనెటికట్)

మగపిల్లల గురించే మాట్లాడుకుంటున్నారు. అమ్మాయిల దగ్గరకొస్తే మీ వాదనలన్నీ తిరగబడతాయి.

2024లో అయోవా కాలేజీ స్టార్ కెయిట్లిన్ క్లార్క్ మహిళల ప్రో లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మొదటి పిక్. మొదటి ఏడాది జీతం ఎంతో తెలుసా? 76,535 డాలర్లు. ఇక్కడ మీలో చాలామంది జీతం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆమెకి కోవిడ్ వల్ల వచ్చిన అదనపు ఏడాది మిగిలే ఉంది. అయోవాలోనే ఉంటే ప్రకటనల డబ్బేమీ తగ్గేది కాదు. అయినా వెళ్ళింది. అదే వసంతంలో మా కనెటికట్ పెయిజ్ బెకర్స్‌కి కూడా వెళ్ళే అర్హత ఉంది. ఆగింది. ఆమె అంతకుముందు మోకాలి గాయంతో ఒక సీజన్ మొత్తం పోగొట్టుకుంది, కప్పు లేకుండా పోవడం ఇష్టం లేదు. 2025 ఏప్రిల్ 6న సౌత్ కరోలినాని 82–59తో కొట్టి కప్పు ఎత్తింది. తర్వాతి వారమే డాలస్ వింగ్స్ మొదటి పిక్. ఇద్దరి నిర్ణయాలూ వేరు, ఇద్దరికీ నష్టం లేదు. జీతం చిన్నదైతే నిర్ణయం ఆట గురించి అవుతుంది.

అయితే జూజూ వాట్కిన్స్ సంగతి చూడండి. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా), రెండో ఏడాది. 2025 మార్చిలో టోర్నీ మధ్యలో ఏసీఎల్ తెగింది. ఆమెకి వెళ్ళే హక్కే లేదు. డబ్ల్యూఎన్‌బీఏకి అమెరికా అమ్మాయి రావాలంటే ఆ ఏడాదిలో 22 నిండాలి, లేదా నాలుగేళ్ళ చదువు అయిపోవాలి. 2027 దాకా తలుపు తెరవరు. ఫాస్ట్‌బ్రేక్ గారు గాయాల గురించి అంత రాశారు. గాయం భయం ఉండి కూడా వెళ్ళే దారి లేని పిల్లల మాట ఎవరూ ఎత్తరు.

ఫాస్ట్‌బ్రేక్

హస్కీఅక్కా, ఆ నియమం అన్యాయమే, వాదనే లేదు. కానీ మీరన్న "జీతం చిన్నదైతే నిర్ణయం ఆట గురించి" అన్న మాట నాకే పనికొస్తుంది. మగవాళ్ళ దగ్గర జీతం చిన్నది కాదు. అందుకే ఆట గురించి ఆగే సౌకర్యం డబ్బున్న ఇంటి పిల్లలకే ఉంటుంది. 2006లో ఫ్లోరిడా కప్పు గెలిచాక జోకిమ్ నోవా, ఆల్ హోర్ఫర్డ్, కోరీ బ్రూవర్ ముగ్గురూ ఆగిపోయారు, 2007లో మళ్ళీ గెలిచారు. ఎంత గొప్ప స్నేహమో అని రాశారు. నోవా తండ్రి యానిక్ నోవా, 1983 ఫ్రెంచ్ ఓపెన్ చాంపియన్. హోర్ఫర్డ్ తండ్రి ఎన్‌బీఏ ఆడినవాడు. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన అవసరం ఉంటే ఆగేవాళ్ళా?

పాతచింతకాయ

బ్రూవర్‌ని లెక్కలోంచి తప్పించేశావేం నాయనా? అతని ఇంట్లో టెన్నిస్ చాంపియన్లు ఎవరూ లేరు. టెనెసీలో పల్లెటూరి కుటుంబం. అతనూ ఆగాడు.

సరే, టిమ్ డంకన్‌ని తీసుకో. వర్జిన్ ఐలాండ్స్ కుర్రాడు, మొదట ఈతగాడు. 1989 తుఫానులో వాళ్ళ దీవిలో ఉన్న కొలను పోయింది, బాస్కెట్‌బాల్‌కి మళ్ళాడు. 14వ పుట్టినరోజుకి ముందు రోజు తల్లి పోయింది. డిగ్రీ పూర్తి చేస్తానని ఆవిడకి మాటిచ్చాడు. వేక్ ఫారెస్ట్‌లో రెండో ఏడాదికే మొదటి పిక్ అన్నారు, మూడో ఏడాదీ అన్నారు. నాలుగేళ్ళూ చదివి సైకాలజీ పట్టా పుచ్చుకుని 1997లో మొదటి పిక్‌గానే వెళ్ళాడు. తర్వాత ఐదు టైటిళ్ళు. ఇతన్ని ఏ లెక్కలో వేస్తావు?

ఫాస్ట్‌బ్రేక్

డంకన్‌ని లెక్కలో వెయ్యను గురువుగారూ. డంకన్ ఎప్పుడు వెళ్ళినా డంకనే. డిగ్రీ తర్వాత కూడా తెచ్చుకోవచ్చు. షాకిల్ ఓనీల్ 1992లో వెళ్ళి 2000లో ఎల్ఎస్‌యూ డిగ్రీ తీసుకున్నాడు. స్టెఫ్ కర్రీ 2009లో డేవిడ్సన్ నుంచి వెళ్ళి 2022లో పూర్తి చేశాడు. కాలేజీ ఎక్కడికీ పోదు, మోకాలు పోతుంది.

పాతచింతకాయ

డిగ్రీ తర్వాత తెచ్చుకోవచ్చు అంటే విన్స్ కార్టర్ గుర్తొచ్చాడు. 1998లో మూడో ఏడాది అయ్యాక నార్త్ కరోలినా వదిలి వెళ్ళాడు. వేసవుల్లో చదివి డిగ్రీ సంపాదించాడు. 2001 మే 20 పొద్దున చాపెల్ హిల్‌లో గౌను వేసుకుని పట్టభద్రుల వరసలో కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ఫిలడెల్ఫియాలో ఏడో గేమ్. విమానమెక్కి వెళ్ళాడు. చివరి సెకన్లలో టొరంటో ఒక్క పాయింట్ వెనక. బంతి కార్టర్ చేతికే వచ్చింది, ఎడమ మూల నుంచి పైకి లేచి వేశాడు. రింగు వెనక భాగానికి తగిలి బయటికొచ్చింది. 88–87. ఆ షాట్ పోవడానికి గౌనే కారణమని కెనడాలో ఏళ్ళ తరబడి తిట్టారు. నాకు తెలిసి ఆ రోజు అతను చేసిన రెండు పనుల్లో ఏదీ తప్పు కాదు.

విక్టరీగ్రౌండ్ (హైదరాబాద్)

చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో ఆడి, యూనివర్సిటీ టీమ్ దాకా వెళ్ళినవాణ్ణి. మా రోజుల్లో ఈ ప్రశ్నకి జవాబు ఒకటే, స్పోర్ట్స్ కోటా. రైల్వేలో పిలుపు వస్తే డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నా చేరిపోవడమే. ఆట ఆగిపోయాక కూడా జీతం వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు రెండోమాట అనేవాళ్ళు కాదు. వెళ్ళకపోతే పిచ్చోడనేవాళ్ళు.

కానీ ఒక ఆటగాడిగా చెప్పాలంటే మీరు అసలు సంగతి వదిలేశారు. కాలేజీ స్టార్ వేరు, ప్రోకి పనికొచ్చేవాడు వేరు. ఈడీని 2023లో ఎన్‌బీఏ ఎందుకు వద్దనుకుంది? పాయింట్లు తక్కువయ్యా? మ్యాచ్‌కి 22. కాలేజీలో అతన్ని రింగు దగ్గర నిలబెట్టి బంతి ఇస్తే చాలు. ఎన్‌బీఏలో గార్డు (బంతి నడిపేవాడు) స్క్రీన్, అంటే తోటివాడి అడ్డు పట్టుకుని నేరుగా సెంటర్ మీదికే వస్తాడు. 7 అడుగుల 4 అంగుళాలవాడు వెనక్కి జారి రింగు కాస్తే గార్డు ఆగి మూడు పాయింట్లు కొడతాడు, పైకి వస్తే పక్కనుంచి దూరిపోతాడు. పెద్ద శరీరాన్ని ప్రతి పొసెషన్‌లో అలా పరిగెత్తిస్తారు. స్కౌట్ల అనుమానం అది ఒక్కటే.

మరి ఆగిన ఏడాదిలో ఈడీ చేసిందేమిటి? కొత్త షాట్ నేర్చుకోలేదు, మూడు పాయింట్ల లైన్ దగ్గరికి పెద్దగా పోలేదు. ఒళ్ళు తేలిక చేసుకున్నాడు, ఊపిరి పెంచుకున్నాడు. టెనెసీ మీద క్వార్టర్ ఫైనల్ మళ్ళీ చూడండి. దాదాపు మ్యాచంతా కోర్టు మీదే ఉండి 40 పాయింట్లు, 16 రీబౌండ్లు. చివరి నిమిషంలో డాల్టన్ నెక్ట్ దూసుకొచ్చి వేసిన లే అప్‌ని ఈడీ అడ్డుకున్నాడు. స్కౌట్లు ఆ 40 కన్నా ఆ ఒక్క బ్లాక్‌ని ఎక్కువసార్లు తిప్పి చూసుంటారని నా అనుమానం. అంతసేపు ఆడాక కూడా కాళ్ళు కదులుతున్నాయని తేలింది.

ఫైనల్‌లో కనెటికట్ తెలివిగా ఆడింది. క్లింగన్ ఒక్కణ్ణే ఈడీ మీద పెట్టి, కొట్టుకోనీ అని వదిలేసింది. మిగతా నలుగురూ షూటర్లని వదల్లేదు. పర్డ్యూ మ్యాచ్ మొత్తంలో మూడు పాయింట్ల షాట్లు ఏడే వేయగలిగింది, ఒక్కటే పడింది. ఈడీ 37 కొట్టాడు, టీమ్ 60. ఓడిపోయారు, కానీ ఈడీ పిక్ మాత్రం ఆ రాత్రి కిందికి పడలేదు.

షీబ్వే మీద ఉన్న అనుమానం ఎత్తు, రింగు కాపలా. 6 అడుగుల 9 అంగుళాల సెంటర్. ఇంకో ఏడాది ఆడితే ఎత్తు పెరగదు కదా. అదే కాలేజీలో అదే రీబౌండ్లు మళ్ళీ పట్టి చూపిస్తే స్కౌట్‌కి కొత్తగా తెలిసేదేముంది? కాబట్టి అడగాల్సింది "ఆగాలా వద్దా" అని కాదు, "నా మీదున్న అనుమానం ఒక ఏడాదిలో తీరేదేనా" అని. తీరేదైతే ఆగు. తీరనిదైతే ఇవాళే వెళ్ళు. అనుమానమే లేకపోతే నిన్ననే వెళ్ళాల్సింది.

బాయిలర్‌బాబాయ్

విక్టరీగ్రౌండ్ గారూ, దండం. నేను పేజీలు రాసినా ఇది రాలేదు.

ఫాస్ట్‌బ్రేక్

బాగా చెప్పారు, కానీ ఒక చిక్కు. అనుమానం తీరేదా కాదా అని 20 ఏళ్ళ కుర్రాడికి ఎవరు చెబుతారు? కోచ్‌కి వాడు ఆగాలి. ఏజెంట్‌కి వాడు వెళ్ళాలి. ఇద్దరికీ లాభం ఉంది. ఇక చుట్టాలు!

నెక్స్ట్‌సీజన్ (నార్త్ కరోలినా)

నమస్తే అండి, ఇక్కడ కొత్త. మావాడు పదకొండో తరగతి, బాగానే ఆడతాడు. ఎన్‌బీఏ స్థాయి కాదు లెండి, భ్రమలేం లేవు. కానీ ఈ పేరివ్వడం, వెనక్కి తీసుకోవడం అన్నది ఎలా జరుగుతుందో ఎవరైనా చెబుతారా? పేరిస్తే కాలేజీలో ఆడే అర్హత పోతుందని విన్నాను.

ఐ20_బాధితుడు

ఫారాలు, డెడ్‌లైన్లు అంటే నన్నే పిలవాలి. పేరిచ్చినంత మాత్రాన పోదండి. మే నెలలో చికాగోలో కంబైన్ అని జరుగుతుంది. ఎత్తు, చేతుల పొడవు, ఎంత పైకి ఎగురుతాడో కొలుస్తారు, మ్యాచ్‌లు ఆడిస్తారు, టీములు ఇంటర్వ్యూ చేస్తాయి. అది అయిన పది రోజుల్లోపు పేరు వెనక్కి తీసుకుంటే కాలేజీలో ఆడొచ్చు. ఎన్‌బీఏ సొంత గడువు ఇంకా తర్వాత ఉంటుంది, దాన్ని చూసి మోసపోకూడదు. కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన ఆ పది రోజుల గడువు దాటితే ఇక అంతే. 2018 నుంచి ఎన్‌సీఏఏ సర్టిఫై చేసిన ఏజెంట్‌ని పెట్టుకోవచ్చు, తిరిగి కాలేజీకి వస్తే ఆ ఒప్పందం తెంపుకోవాలి.

ఫాస్ట్‌బ్రేక్ అడిగినదానికి కూడా కొంత జవాబుంది. ఎన్‌బీఏలోనే ఒక అడ్వైజరీ కమిటీ ఉంది. టీముల అభిప్రాయాలు పోగేసి ఫలానావాడు లాటరీలో (మొట్టమొదటి పిక్‌లలో) పోతాడా, మొదటి రౌండా, రెండో రౌండా, అసలు లేదా అని కుర్రాడికి చెబుతారు. గ్యారంటీ కాదు, కానీ కోచ్, ఏజెంట్ మాటలకన్నా నయం.

నెక్స్ట్‌సీజన్

చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు.

హస్కీఅక్క

ఇప్పుడు ఇంకో దారి కూడా తెరుచుకుంది, ఎవరూ అనలేదు. ఆగడం అంటే అదే కాలేజీలో ఆగడం కాదు. 2025లో యాక్సెల్ లెండెబోర్గ్ డ్రాఫ్ట్‌కి పేరిచ్చి, వెనక్కి తీసుకుని, యూఏబీ కాలేజీ వదిలి మిషిగన్‌కి వెళ్ళాడు. ఇంకో ఏడాది, పెద్ద వేదిక, మంచి డబ్బు. మొదటి రౌండ్ చివరా, రెండో రౌండ్ మొదలా అన్నట్టున్నవాడికి ఇది ఎన్‌బీఏ జీతంతో పోటీపడే బేరం. విక్టరీగ్రౌండ్ గారి లెక్కలో ఇదీ సరిపోతుంది. చిన్న కాన్ఫరెన్స్‌లో (కాలేజీల కూటమి) ఆడాడన్న అనుమానం ఒక ఏడాదిలో తీరేదే.

పాతచింతకాయ

ఈ బదిలీల గోల నాకు నచ్చదు. నాలుగేళ్ళలో మూడు కాలేజీల జెర్సీలు వేసుకున్నవాడు ముసలయ్యాక ఏ కాలేజీ రీయూనియన్‌కి వెళ్తాడు?

ఫాస్ట్‌బ్రేక్

డబ్బులిచ్చిన కాలేజీకి 😀

మోడరేటర్

ఇద్దరూ మంచివాళ్ళే, బదిలీలకి వేరే దారం ఉంది, అక్కడ కానివ్వండి. ఇక్కడ ఆగడం, వెళ్ళడం వరకే.

కాకినాడకాజా

సరే, పరీక్ష పెడతా. బాబాయ్ వాళ్ళ పర్డ్యూ బ్రేడన్ స్మిత్ కూడా ఆగాడు కదా, 2025–26 సీనియర్ ఏడాదికి. ఇక్కడ నేర్చుకున్న పాఠం ప్రకారం మార్కులెయ్యండి.

విక్టరీగ్రౌండ్

6 అడుగుల గార్డు. అనుమానం ఎత్తు. తీరదు. పాఠం ప్రకారం అయితే వెళ్ళిపోవాలి.

బాయిలర్‌బాబాయ్

అయ్యా, వెళ్ళి ఏం చెయ్యాలి, జీ లీగ్‌లో ఏడాదికి 40 వేల పైచిలుకు తీసుకుని బస్సులెక్కాలా? ఇక్కడ అంతకన్నా చాలా ఎక్కువ వస్తుంది. పైగా మూడేళ్ళలో 758 అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కి ముందు అందించిన పాస్‌లు) ఉన్నాయి. 2025 నాటికి కాలేజీ రికార్డు డ్యూక్ బాబీ హర్లీది, 1,076. అది దాటాలంటే ఇంకో 319 కావాలి. ఆరోగ్యంగా ఉంటే 2026 మార్చికి దగ్గరికి వచ్చేస్తాడు.

విక్టరీగ్రౌండ్

అనుమానం తీరనివాడికి వెళ్ళినా, కాలేజీలో ఆగినా వచ్చేది ఒకటే అయితే వెళ్ళమన్నాను. ఇక్కడ జీతమూ ఎక్కువే, రికార్డూ ఉంది, కప్పు గెలిచే టీమూ ఉందంటున్నారు. అయితే ఆగమనండి. 2021కి ముందైతే నా జవాబు ఇది కాదు.

ఫాస్ట్‌బ్రేక్

319 కొట్టడానికి కనీసం 35 మ్యాచ్‌లు ఆడాలి, మ్యాచ్‌కి 9 పైన ఇవ్వాలి. టోర్నీలో మళ్ళీ ఏ పొట్టి టీమో మొదటి రౌండ్‌లో తగిలితే కష్టమే బాబాయ్.

బాయిలర్‌బాబాయ్

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది తమ్ముడూ. నవంబర్‌లో మా పర్డ్యూ మ్యాకీ అరీనా టికెట్లు దొరికితే చెబుతా, ఇండియానా వైపు ఎవరున్నా రండి.